మొదటి టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్)లో సౌండ్ పలుచగా వస్తోంది, ఇంకా ఖరీదైనది కొనాలా?

ఇప్పుడే అక్కర్లేదు. మీరు మూడు సంగతులు రాశారు: హోం థియేటర్ వాల్యూమ్ ఎంత పెంచినా సౌండ్ చిన్నగా, పలుచగా ఉంది. స, ష వచ్చిన చోట గొంతు బరకగా చీలుతోంది. సబ్‌వూఫర్ పెంచితే గుయ్యిమని మోత. ఈ మూడూ ఎక్కువగా సెట్టింగ్ సరిగ్గా లేకపోతే వచ్చేవే. హన్మకొండలో మా ఇంట్లో ఉన్నదీ మామూలు టర్న్‌టేబులే. పాత తెలుగు రికార్డులు దాని మీద హాయిగా వింటున్నాం.

మొదట టర్న్‌టేబుల్ వెనక వైపు ఫోనో/లైన్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ) నుంచి వచ్చే సిగ్నల్ నాలుగైదు మిల్లీవోల్టులే. మీ హోం థియేటర్ ఆక్స్‌కి (బయటి సౌండ్ తీసుకునే సాకెట్) కావాల్సింది దాదాపు వంద రెట్లు. పైగా రికార్డు తయారీలో బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి గాడి కోస్తారు. లేకపోతే బేస్‌కే గాడి వెడల్పయిపోయి ఒక వైపు పట్టే పాటలు తగ్గిపోతాయి. 1950ల నుంచి దీనికి ఆర్‌ఐఏఏ కర్వ్ అనే ఒక లెక్క వాడుతున్నారు. ఆ లెక్కను తిరగేసి, సిగ్నల్‌ని కూడా పెంచేది ఫోనో ప్రీయాంప్. అది మధ్యలో లేకపోతే మీరు చెప్పినట్టే పలుచగా వస్తుంది. స్విచ్ ఉందంటే టర్న్‌టేబుల్ లోపలే ప్రీయాంప్ ఉన్నట్టు. ఆక్స్‌కి పెడితే ఆ స్విచ్ లైన్‌లో ఉండాలి. యాంప్లిఫయర్‌కే ఫోనో ఇన్‌పుట్ ఉంటే ఫోనోలో ఉంచాలి. రెండు ప్రీయాంప్‌లు కలిస్తే సౌండ్ పగిలిపోతుంది. స్విచ్ లేకుండా, లోపల ప్రీయాంప్ కూడా లేని మోడల్ అయితే చిన్న ప్రీయాంప్ విడిగా కొనాల్సిందే, నా లెక్కలో మీకు తప్పనిసరి ఖర్చు అదొక్కటే.

గొంతు చీలడానికి ముల్లు బరువు, అంటే ముల్లు రికార్డు మీద మోపే బరువు, కారణం కావచ్చు. ఆడియో టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ లాంటి టర్న్‌టేబుళ్లలో బరువు కంపెనీయే బిగించి ఇస్తుంది, అక్కడ మనం చేసేదేమీ లేదు. వెనక తిప్పే బరువు ఉంటే మాత్రం ముందు యాంటీస్కేటింగ్ (ముల్లు లోపలికి జారకుండా ఆపే ఏర్పాటు) సున్నాకి పెట్టి, ముల్లున్న టోన్‌ఆర్మ్ గాలిలో అడ్డంగా తేలేదాకా తిప్పండి. అక్కడ డయల్‌ని సున్నా చేసి, కార్ట్రిడ్జ్‌కి చెప్పిన బరువుకి తెచ్చి, యాంటీస్కేటింగ్ కూడా అంతే పెట్టండి. ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8. తక్కువ బరువైతే రికార్డుకి మంచిదనుకుంటారు చాలామంది. నిజానికి ముల్లు గాడిలో కుదురుగా నిలబడక ఎగిరెగిరి గోడల్ని చెక్కేస్తుంది. బంగారం షాపుల్లో ఉండేలాంటి చిన్న డిజిటల్ కాంటా దొరికితే డయల్‌ని నమ్మే పని ఉండదు. కాకపోతే దాని పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం లాగి తప్పు లెక్క చూపిస్తుంది.

అంతా సరిచేశాక కూడా ఆఖరి పాటలోనే బరకగా ఉంటే కంగారు పడకండి. లోపలి గాళ్లకి వచ్చేసరికి ముల్లు కింద రికార్డు కదిలే వేగం బయటి అంచుతో పోలిస్తే సగం కన్నా తక్కువకి పడిపోతుంది. కార్ట్రిడ్జ్ వంకర కాస్త ఉన్నా అక్కడే బయటపడుతుంది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ పాత సామాన్ల సంతలో కొన్న అరిగిన ప్లేట్లకైతే ఏ సెట్టింగూ పనిచేయదు.

గుయ్యిమనే మోత స్పీకర్లూ టర్న్‌టేబులూ ఒకే టేబుల్ మీద ఉండటం వల్ల కావచ్చు. మోటార్ ఆపి, ఆగిన రికార్డు మీద ముల్లు పెట్టి, వాల్యూమ్ కొంచెం పెంచి టేబుల్‌ని వేలితో తట్టండి. స్పీకర్‌లో ధబ్‌మంటే స్టాండ్ మార్చాలి. మన పాత ఇళ్లలో గోడలో బిగించిన కడప బండ అర దీనికి భలే పనికొస్తుంది. మేస్త్రీ రసమట్టం తెచ్చి ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) సమంగా ఉందో లేదో చూసుకోండి. పాట ఆపినా సన్నగా హమ్ వస్తే అది వేరే సంగతి. గ్రౌండ్ వైర్ ఉంటే ప్రీయాంప్ స్క్రూకి బిగించారో లేదో చూడండి. కొన్ని ఇళ్లలో ఎండాకాలం ఎర్తింగ్ గుంత ఎండిపోయినా ఇబ్బందే.

మన దగ్గర దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. వేసిన ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్ ఒక చుట్టు తిప్పండి. మురికి ప్లేట్లని బోరు నీళ్లతో కడగొద్దు, ఉప్పు గాళ్లలో మిగిలిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి (ఆసిడ్ డబ్బా కాదు, లేబుల్ చదవండి), మెత్తని బట్టతో గాడి వెంబడి తుడిచి, మధ్య కాగితం తడవకుండా చూసుకోండి.

తాతగారి పెట్టెలో బరువుగా, పెళుసుగా ఉన్న 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లు కనిపిస్తే ఈ ముల్లుతో వేయొద్దు. వాటి గాడి వెడల్పు, వేరే ముల్లు కావాలి. ఆల్కహాల్‌తో అస్సలు తుడవొద్దు, వాటిలో ఉండే లక్క కరిగిపోతుంది.