ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడొద్దు అల్లుడూ

నెల్లూరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందాంట్లో సగమే వినపడింది. వెనక మీ అమ్మ కేకలు, ముందు ఒంగోలు బస్టాండ్ హారన్లు. నాకు అర్థమైన మటుకు సంగతి ఇది: నీ 2002 మోడల్ హోండా సిటీ వీటెక్‌కి బయటి కామ్ షాఫ్ట్, అదే ఇంజిన్ వాల్వుల్ని తెరిచే కడ్డీ, తెప్పిస్తున్నావు. దసరా సెలవుల్లో బండి నెల్లూరు తెచ్చి నా దగ్గర పెట్టించుకుంటావు. ఆ తర్వాత మద్రాసు అవతల ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొడతావు. బాగుంది. కంపెనీ ఇచ్చిన 106 హార్స్ పవర్ నీకు చాలలేదు, చాలకపోవడం నీ వయసులో తప్పేం కాదు.

కానీ కామ్ గురించి అరగంట చెప్పినవాడివి, ఆ కామ్‌ని తిప్పే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడిగితే "అది బాగానే ఉంది మామా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ ముక్క కోసమే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే ఊ కొట్టి మర్చిపోతావు. కాగితం మీద ఉంటే సామాన్లు కొనేటప్పుడు జేబులో పెట్టుకుంటావు.

ముందు ఒక్కటి చెబుతా విను. ఇంజిన్ విప్పినప్పుడు ఏది మార్చాలి, ఏది వదిలెయ్యాలి అన్నది దాని ధర చూసి తేల్చుకోకు. దాని దగ్గరికి చేరడానికి ఎంత విప్పాలో చూసి తేల్చుకో. పిస్టన్లు తిప్పే క్రాంక్ కొసన ఆయిల్ కారకుండా ఆపే సీల్ ఖరీదు ఎంతని? కానీ అది తర్వాత కారితే బెల్టులు, మౌంట్, పుల్లీ, కవర్లు అన్నీ మళ్ళీ దిగాలి. అదే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఖరీదైనదే, కానీ ఎప్పుడు చెడినా టైమింగ్ బెల్ట్ ముట్టుకోకుండానే ఊడదీసుకోవచ్చు. అందుకని సీల్ ఇప్పుడే మార్చాలి, ఆల్టర్నేటర్ జోలికి పోకూడదు. ఈ లెక్క పట్టుకుంటే లిస్టు దానంతట అదే తయారవుతుంది.

ఈ లెక్క నాకు పుస్తకం చెప్పలేదు. షెడ్డు పెట్టిన కొత్తలో ఒకాయన బండికి కామ్ అరిగిపోతే మార్చాను. "వాటర్ పంప్ కూడా వేద్దామండీ, బెల్ట్ వెనకే ఉంది" అన్నాను. "కారట్లేదు కదా, ఎందుకు దండగ" అన్నాడు. నేనూ గట్టిగా చెప్పలేదు, బేరం పోతుందేమోనని. నెల తిరక్కుండా ఆ పంప్ కారి, నీళ్ళు కొత్త బెల్ట్ మీద పడి, బెల్ట్ ఒక పన్ను దాటింది. బండి కావలి దగ్గర హైవే మీద ఆగిపోయింది. వాల్వులు వంగలేదు, అది ఆయన అదృష్టం. రెండోసారి కూలి నేను తీసుకోలేదు. తీసుకుంటే ఏ మొహంతో తీసుకోవాలి?

నీ బండిలో కూడా వాటర్ పంప్‌ని తిప్పేది టైమింగ్ బెల్టే. పైగా నీ ఇంజిన్లో బెల్ట్ తెగితే పిస్టన్ వెళ్ళి తెరిచి ఉన్న వాల్వుని కొడుతుంది. కొన్ని ఇంజిన్లలో తెగినా బండి ఆగడమే, ఇంకేం కాదు. నీది అలాంటిది కాదు. బెల్ట్‌ని కిలోమీటర్లతోనే కొలవకు, ఏళ్ళతో కూడా కొలువు. రబ్బరు నిలబడినా ఎండుతుంది. మన ఎండలకి ఇంకా త్వరగా ఎండుతుంది. రెండు చేతులు మారిన బండిలో బెల్ట్ వయసు ఎవరికీ తెలియదు, కాబట్టి "బాగానే ఉంది" అనే మాట చెల్లదు. బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్, కామ్ సీల్, క్రాంక్ సీల్, ఈ అయిదూ ఒక్క పనే అనుకో. ఒకటి వేసి ఇంకోటి మానడం ఉండదు. ఆల్టర్నేటర్, ఏసీ, పవర్ స్టీరింగ్ బెల్టులు ఎటూ ఊడతాయి, బీటలుంటే అవీ పారెయ్. పంప్ మారిస్తే కూలెంట్ దించాల్సిందే. ఆ చేత్తోనే థర్మోస్టాట్, రేడియేటర్ మూత, మెత్తబడిన హోస్ పైపులు చూసుకో. మే నెలలో ఒంగోల్లో ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడితే వాటి విలువ తెలుస్తుంది.

బెల్ట్ తీయాలంటే ఆ వైపు ఇంజిన్ మౌంట్ విప్పాలి. కింద ఆయిల్ ప్యాన్‌కి చెక్క ముక్క పెట్టి జాకీ మీద ఆనిస్తాం. అప్పుడు మౌంట్ చేతిలోకే వస్తుంది. రబ్బరు చిట్లి ఉంటే మళ్ళీ అదే బిగించడం నాకు చేతకాదు, ముందే చెబుతున్నా. క్రాంక్ పుల్లీ బోల్ట్ గురించి నువ్వు విని ఉండవు. హోండాలో అది మహా మొండిది. పుల్లీని పట్టుకునే 50 మిల్లీమీటర్ల ఆరు పలకల హోల్డర్ లేకుండా దాని మీదకి పోయి పాన విరగ్గొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఆ హోల్డర్ నా దగ్గరుంది, కొనకు.

ఇక అసలు కామ్ సంగతి. పెద్ద కామ్ అంటే వాల్వుని ఇంకాస్త ఎత్తుతుంది, ఇంకాస్త ఎక్కువ సేపు తెరిచి ఉంచుతుంది. ఇరవై ఏళ్ళు నలిగిన నీ వాల్వ్ స్ప్రింగులకి ఆ పని కొత్త. ఆర్పీఎం పెరిగేకొద్దీ స్ప్రింగ్ వాల్వుని వెనక్కి లాగలేక వెనకబడుతుంది, వాల్వ్ గాల్లో తేలుతుంది. పవర్ కోసం కామ్ వేస్తే ఆ పవర్ వచ్చే చోటే ఇంజిన్ చతికిలబడుతుంది. అందుకే కామ్ చేసినవాళ్ళు ఏ స్ప్రింగులు చెప్పారో అవే తీసుకో, వాటిని వాల్వుకి పట్టి ఉంచే రిటైనర్లు, లాకులతో సహా. "గట్టి స్ప్రింగులు" అని ఎవరో చెప్పినవి వద్దు. అవసరానికి మించి గట్టిదైతే కామ్‌నీ, కామ్ తోపుని వాల్వుకి అందించే రాకర్‌నీ తినేస్తుంది. స్ప్రింగ్ తీశాక వాల్వ్ సీల్ కళ్ళ ముందే ఉంటుంది. పదహారు సీళ్ళూ మార్చు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ ఒక బుస్సు వస్తుందన్నావే, అది చాలావరకు వాటి పుణ్యమే.

స్ప్రింగుల కోసం వాల్వులుండే పై భాగం, అదే హెడ్, దించాలా అని అడుగుతావు. అక్కర్లేదు. నేను పాత పద్ధతిలో తాడు వాడతాను. పిస్టన్ కొంత కిందున్నప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి నైలాన్ తాడు లోపలికి దూర్చి, కొస బయటే ఉంచి, క్రాంక్‌ని చేత్తో పైకి తిప్పితే తాడు వెళ్ళి వాల్వులకి కింద దన్ను ఇస్తుంది. రాకర్లు తీసేశాక వాల్వులన్నీ మూసుకునే ఉంటాయి కాబట్టి బెల్ట్ లేకుండా క్రాంక్ తిప్పినా భయం లేదు. గాలి పెట్టి చేసేవాళ్ళూ ఉన్నారు. కంప్రెసర్ మధ్యలో కరెంటు పోతే వాల్వ్ సిలిండర్లోకి జారుతుందని నాకు భయం.

కొలతల దగ్గర మాత్రం తొందర పడనివ్వను. మూడు సందులు చూడాలి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ చుట్లన్నిటి మధ్యా కలిపి ఇంకా ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా చోటు మిగలాలి, చుట్టు చుట్టుకి ఆనకూడదు. రిటైనర్ కిందికి దిగినప్పుడు వాల్వ్ సీల్‌కి తగలకూడదు. మూడోది, అన్నిటికన్నా ప్రాణాంతకమైనది, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య సందు. ఇన్‌టేక్ దగ్గర రెండు మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ దగ్గర రెండున్నర ఉంటే నేను నిద్రపోతాను. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి సాగుతుంది, పైగా పిస్టన్ దాన్ని తరుముకుంటూ పైకి వస్తుంది, అందుకే దానికి ఎక్కువ. హెడ్ దించకుండానే కొలుస్తాం. ఒక సిలిండర్‌కి మెత్తటి స్ప్రింగులు పెట్టి, సన్నటి కదలిక కొలిచే డయల్ గేజ్ ఆనించి, పిస్టన్ పైకొచ్చే చోట అటు పది డిగ్రీలు ఇటు పది డిగ్రీలు కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి చోటా వాల్వుని వేలితో నొక్కి ఎంత దూరం పోతుందో చూడటమే. ఒక పూట పడుతుంది. ఆ పూట నువ్వు టీ తెస్తూ ఉండు, మాట్లాడకు.

వీటెక్ ఇంజిన్‌కి ఇంకో తగాదా ఉంది. ఎక్కువ ఆర్పీఎంలో రాకర్లని కలిపి కామ్ మీదున్న పెద్ద ఉబ్బు, అదే పెద్ద లోబ్, మీదికి ఎక్కించేది ఆయిల్ ప్రెషరే. ఆ ఆయిల్‌ని కరెంటుతో వదిలే సోలెనాయిడ్ కింద జల్లెడ ఉన్న ప్యాకింగ్ ఒకటి ఉంటుంది. మట్టి పట్టి పూడుకుపోయి ఉంటే నీ కొత్త కామ్‌లో ఆ పెద్ద లోబులు అలంకారానికే. అది తప్పకుండా కొను. వాల్వ్ కవర్ ప్యాకింగ్, ప్లగ్ గొట్టాల సీళ్ళు, డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్ కూడా. ఇవన్నీ కలిపినా నువ్వు బండికి వేయించిన స్టిక్కర్ల ఖరీదు చేయవు. రాకర్లు మాత్రం కొనేముందు చూడాలి. కామ్ మీద రాసుకునే మొహం నున్నగా అద్దంలా ఉంటే పెట్టుకుంటాం, గీతలో గుంటలో ఉంటే మారుస్తాం. గుంటపడ్డ రాకర్ కింద కొత్త కామ్ పెట్టడం ఆకురాయి కింద పెట్టినట్టే.

మరి ఏవి వద్దు? ఎటూ విప్పాం కదా అని క్లచ్, పిస్టన్ రింగులు, రేడియేటర్, ఇంజెక్టర్లు అంటూ లిస్టు పెంచుకుంటూ పోకు. అవి వేరే దారిలో ఉన్నవి. హెడ్ బోల్టులు ముట్టుకోం. అయితే ఒక షరతు: ఏదీ ఆర్డర్ పెట్టకముందే ఒంగోల్లోనే కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూపించు. ఇంజిన్ వేడిగా ఉండగా, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి. నాలుగు అంకెలూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. ఒక సిలిండర్ పదిహేను శాతం కన్నా వెనకబడి ఉంటే కామ్ డబ్బులు దాచుకో, ముందు ఆ జబ్బు సంగతి చూద్దాం. అరిగిన బోర్ మీద పెద్ద కామ్, పళ్ళు లేనివాడికి చెరుకు ముక్క.

ఈసీయూ, అదే ఇంజిన్ కంప్యూటర్, గురించి నువ్వే అడిగావు కాబట్టి చెబుతున్నా, అది నా విద్య కాదు. నాకు తెలిసిందల్లా, నీ బండి గాలిని మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టాల్లో ఉన్న ప్రెషర్ బట్టి లెక్కేసుకుంటుంది. ఎక్కువ సేపు తెరిచి ఉంచే కామ్ వేస్తే ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోతుంది. బండి బరువు లాగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఐడిల్ ఊగుతుంది, ఏసీ వేస్తే ఆగిపోతుంది. బ్రేక్ బూస్టర్ బతికేది కూడా ఆ వాక్యూమ్ మీదే, కాబట్టి పెడల్ గట్టిపడొచ్చు. అందుకని ట్యూనింగ్ ఖర్చుని కామ్ ఖర్చులో భాగంగానే రాసుకో, తర్వాత చూద్దామనుకోకు. ఆ ఖర్చు ఇప్పుడు లేదంటే చిన్న కామ్ తీసుకో. రోజూ ఆఫీసుకి పోయే బండికి అదే మంచిదని నా ఉద్దేశం. నువ్వు వినవని తెలుసు.

కంపెనీ ఇచ్చిన రూపు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. పదిహేనేళ్ళు దాటిన బండి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి మళ్ళీ ఆర్టీఓ ముందుకి పోవాల్సిందే. పాత కామ్‌కి నూనె రాసి, గుడ్డలో చుట్టి, దాని రాకర్లని ఏది ఎక్కడిదో గుర్తులు పెట్టి అటక మీద దాచు. అమ్మకు.

సామాన్లు ఎక్కడ కొనాలంటే, బెల్ట్, టెన్షనర్, పంప్, సీళ్ళు హోండా షోరూమ్ కౌంటర్లోనే, నీ ఛాసిస్ నంబర్ చెప్పి తీసుకో. ఒకసారి పెట్టె మీద పేరు చూసి బయట కొన్న బెల్ట్ చేత్తో వంచితే పళ్ళ మొదట్లో తెల్లగా చిట్లింది. ఆ కొట్టువాడు నవ్వుతూనే వెనక్కి తీసుకున్నాడు, అంటే అది వాడికి కొత్త కాదు. బ్రాకెట్లు లాంటివి కావాలంటే మద్రాసు పుదుప్పేటలో పాతవి దొరుకుతాయి. జీపీ రోడ్‌లో కొత్తవి. సీల్, బెల్ట్ మాత్రం పుదుప్పేటలో ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకు. అన్నీ చేతికి వచ్చి, నేను పెట్టెలు విప్పి చూశాకే బండి విప్పుతాను. విప్పిన బండి పక్కన కూర్చుని కొరియర్ కోసం ఎదురుచూసే టెన్షన్ ఈ వయసులో నాకొద్దు.

బిగించాక క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతాం. హోండా కదా, అపసవ్యంగా. ఎక్కడైనా తట్టుకుంటే బలం పెట్టేది లేదు, మళ్ళీ మార్కులు చూడటమే. రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఉండే ట్యాపెట్ సందులు ఇంజిన్ చల్లగా ఉండగా, కామ్‌తో వచ్చిన కాగితం ప్రకారం, ఫీలర్ గేజ్‌తో పెడతాం. కామ్ లోబులకి అసెంబ్లీ లూబ్ దండిగా రాస్తాం. స్టార్ట్ అయిన క్షణం నుంచి ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్పీఎం పైనే ఉంచాలి, ఐడిల్‌కి పడనివ్వకూడదు. నీ రాకర్లకి రోలర్లు లేవు, రాసుకుంటూ తిరిగేవే, ఆ మొదటి ఇరవై నిమిషాల్లోనే వాటి జాతకం తేలిపోతుంది. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చేస్తాం. కాబట్టి ఆయిల్ రెండుసార్లకి సరిపడా, ఫిల్టర్లు రెండు తీసుకురా.

డబ్బు సంగతి ఒక్క మాట. కామ్‌కి ఎంత పెడుతున్నావో అంతకంటే తక్కువ కాకుండా చుట్టూ ఉన్నవాటికి పక్కన పెట్టుకో. అంత లేకపోతే దసరాకి బెల్ట్ పని ఒక్కటీ చేసుకుందాం, కామ్ సంక్రాంతికి. మీ అమ్మకి మాత్రం కామ్ అని చెప్పకు, సర్వీసింగ్ అని చెప్పు. అబద్ధం కాదు, ముప్పాతిక పని అదే.

కంప్రెషన్ అంకెలు నాలుగూ కాగితం మీద రాసి ఫోటో పంపు. అవి చూశాకే ఆర్డర్.

ఇట్లు,
మీ మామ