గజ్జల్లో బిళ్ల లేకపోయినా ఈ స్కాన్ ఎందుకు?

మీ అమ్మగారి మడమ మీది మచ్చ మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని తేలిందనీ, గజ్జల్లో చేతికి ఏ గడ్డా తగలకపోయినా డాక్టరు లింఫోసింటిగ్రఫీ అనే స్కాన్ రాశారనీ, ‘అణు మందు’ ఒంట్లోకి ఎక్కించడం అవసరమా అనీ అడిగారు. రెండేళ్ల క్రితం మా నాయనకు ఇదే పరీక్ష చేయించాను.

మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లలో తిరిగిన కాలు కదా అని, నాయన మడమ మీది నల్ల మచ్చను ఆనెకాయగా భావించి మేమే ఏడాది పోగొట్టాము.

కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కట్టడం మన ఊళ్లలో అందరూ చూసినదే. ఆ విషం ఎక్కే దారినే క్యాన్సర్ కణాలూ పోగలవు కాబట్టి, ఆ దారిలో మొట్టమొదట తగిలే గ్రంథి (బిళ్ల కట్టేది ఇలాంటిదే) ఏదో ఈ స్కాన్ చూపుతుంది. అందులో క్యాన్సర్ ఉందో లేదో మాత్రం చెప్పదు; దాన్ని తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. మేము మొదట ఇక్కడే పొరబడ్డాము.

మచ్చ చుట్టూ చర్మంలోకి టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందును, మీరన్న ‘అణు మందు’ అదే, నాలుగు చిన్న సూదులుగా ఇచ్చారు. బాగా మండుతుంది, అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి. తర్వాత గామా కెమెరా కింద పడుకోబెట్టి బొమ్మలు తీస్తే, గజ్జల్లోనే కాక మోకాలి వెనుక గుంటలో కూడా ఒక చుక్క కనిపించింది. మడమ నుంచి లింఫు, అంటే ఒంట్లో ఈ గ్రంథులకు పారే పలుచని ద్రవం, కొందరిలో అక్కడికీ పోతుందట. స్కాన్ లేకపోతే ఆ చోటు ఎవరికీ తోచేది కాదు. మరునాడు ఆపరేషన్‌లో ఆ మందు ఉన్నచోట మోగే గామా ప్రోబ్ అనే పరికరం మోత ఆధారంగా ఆ రెండు గ్రంథులనే తీశారు. మోకాలి వెనుక దానిలో అతి చిన్న క్యాన్సర్ జాడ దొరికింది.

మిగిలిన గ్రంథులన్నీ తీసేస్తారేమోనని భయపడ్డాము. అలాంటి రోగుల్లో అన్నీ తీసినా ఆయుష్షు పెరగలేదనీ, లింఫు నిలిచి వచ్చే వాపు మాత్రం సుమారు 24 శాతం మందికి వచ్చిందనీ, తీయనివారిలో అది 6 శాతమేననీ 2017లో వెలువడిన ఎంఎస్‌ఎల్‌టీ-2 అధ్యయనం చెప్పిందని వైద్యులు వివరించారు. ఇప్పుడు నాలుగు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ చేయిస్తున్నాము.

ఇక మీరు భయపడుతున్న ఆ అణు మందు సంగతి: దాని రేడియోధార్మిక శక్తి ఆరు గంటలకొకసారి సగమవుతూ, ఒక రోజుకు పదహారో వంతుకు దిగుతుంది. ఇచ్చేది కూడా చాలా తక్కువ మోతాదే. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉంటే స్కాన్ గదిలోనే చెప్పి జాగ్రత్తలు అడగండి.

ఒక చోట మాకు, ముందు మచ్చను వెడల్పుగా కోసేద్దాం, గ్రంథుల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. అలా కోశాక లింఫు దారులు మారి, స్కాన్ వేరే గ్రంథిని చూపే అవకాశం ఉంది. రెండూ ఒకే ఆపరేషన్‌లో చేయగలరా అని తేదీ తీసుకునే ముందే అడగండి.