టెక్ సందేహాలు: హేలో గ్రెనేడ్లలో ఏది ఎక్కడ విసరాలి?

ప్రశ్న: హేలో ఇన్ఫినిట్ అనే షూటింగ్ వీడియో గేమ్‌లో ప్లాస్మా గ్రెనేడ్‌ను గోడకేసి కొడితే కింద పడిపోతోంది. మా తమ్ముడు విసిరే స్పైక్ గ్రెనేడ్ మాత్రం అతుక్కుంటోంది. రీఇన్‌స్టాల్ చేయాలా?

వద్దు, డేటా దండగ. లోపమేమీ లేదు, ఆ గ్రెనేడ్ తీరే అంత. ప్లాస్మా శత్రువులకీ వాహనాలకీ మాత్రమే అంటుకుంటుంది. మల్టీప్లేయర్‌లో ఒంటికి అంటుకుందంటే షీల్డ్ (ఒంటిని కాపాడే శక్తి కవచం) నిండుగా ఉన్నా అవతలివాడి పని అయిపోయినట్టే. కథ నడిచే క్యాంపెయిన్‌లో గుంపుగా ఉన్న గ్రంట్లలో (పొట్టి శత్రువులు) ఒకదానికి అంటించండి, అది కంగారుగా పరుగెత్తి తోటివాళ్లనీ ముంచుతుంది. ఎలైట్లనే బలమైన శత్రువులతో అంత సులువు కాదు, గ్రెనేడ్ కనిపిస్తే పక్కకు దూకేస్తాయి. దగ్గరికి రానిచ్చి విసరాలి.

స్పైక్ గోడకూ అంటుతుంది. అయితే ముళ్లు అంటుకున్న చోటు నుంచి బయటికి చిమ్ముతాయి కాబట్టి, శత్రువు వచ్చే దారికి ఎదురుగా ఉన్న గోడను ఎంచుకోండి. ఇరుకు కారిడార్లలో దీన్ని మించింది లేదు.

మామూలు ఫ్రాగ్ గ్రెనేడ్ దేనికీ అంటుకోదు. తాకి ఎగిరాక పేలుతుంది. మూల వెనక దాక్కున్నవాణ్ణి కొట్టాలంటే నేరుగా కాకుండా గోడకు ఏటవాలుగా విసరండి. నిండు షీల్డ్‌ను ఒక్క ఫ్రాగ్ దించుతుందేగానీ చంపడం అరుదు, వెంటనే తలకు గురిపెట్టాలి.

ప్రశ్న: వార్ట్‌హాగ్ జీపు మీదికొస్తే ఏది వాడాలి?

డైనమో గ్రెనేడ్. దాని విద్యుత్ దెబ్బకు వాహనం కాసేపు మొరాయిస్తుంది. ఆలోగా ఎక్కి డ్రైవర్ని లాగేయొచ్చు. పాత ఆటల్లో ప్లాస్మా పిస్టల్‌ను ఛార్జ్ చేసి కొడితే బండి ఆగేది. ఇన్ఫినిట్‌లో ఆ పని డైనమో, షాక్ రైఫిల్ లాంటి షాక్ ఆయుధాలకు అప్పగించారు. పాత అలవాటుతో పిస్టల్ తీస్తే బండి కింద పడతారు.

ప్రశ్న: పాత హేలో ఆటల సంకలనం మాస్టర్ చీఫ్ కలెక్షన్‌లో మొదటి హేలో నుంచి మూడోదానికి వచ్చాను. రెండు ఫ్రాగ్‌లకు మించి తీసుకోవడం లేదు, ఎందుకు?

2001 నాటి మొదటి ఆటలో గ్రెనేడ్లు రెండు రకాలే, ఒక్కోటి నాలుగు దాకా మోయొచ్చు. హేలో 3లో నాలుగు రకాలు, ఒక్కోటి రెండే. ఫ్రాగ్, ప్లాస్మా, స్పైక్ కాక నాలుగోది ఫైర్‌బాంబ్. అది ఎగరదు, తగిలిన చోటే మంట లేస్తుంది, దగ్గర్లో వేస్తే మీకే కాలుతుంది. మొదటి ఆటలో ఇంకో చిక్కుంది. నేల మీద పడున్న గ్రెనేడ్లు (గ్రంట్లు చచ్చినప్పుడు వదిలేవి కూడా) పక్కన పేలుడు జరిగితే అవీ పేలతాయి. చచ్చిన గ్రంట్ల కుప్ప మధ్య నిలబడి పోరాడకండి.