వీడియో ఆపి, ఖాళీ ఫైలు తెరవండి

ప్రశ్న: నేను జగిత్యాలలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. వెబ్ డెవలపర్ కావాలని ఉంది. హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో కోర్సు చేసే స్తోమత లేదు. నాలుగు నెలలుగా యూట్యూబ్ వీడియోలు చూస్తున్నా సొంతంగా ఏమీ రాయలేకపోతున్నాను. ఇంట్లో ఉండి నేర్చుకోగలనా?

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరు. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ ఫైలు ముందు కూర్చోగానే చేయి ఆడదు. చాలామందికి ఇదే జరుగుతుంది, టెన్షన్ పడకండి. ఇకపై ఒక వీడియో చూశాక దాన్ని మూసేసి, అదే పేజీని చూడకుండా టైప్ చేయండి. ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచే మీ అసలు చదువు మొదలవుతుంది.

ముందు పేజీలో ఏముండాలో చెప్పే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్, ఆ తర్వాత పేజీతో పనులు చేయించే జావాస్క్రిప్ట్. అందరూ అంటున్నారని రియాక్ట్ మీదికి దూకకండి, అది జావాస్క్రిప్ట్‌లో ముందే రాసిపెట్టిన కోడ్ (లైబ్రరీ) మాత్రమే, జావాస్క్రిప్ట్ రాకుండా అర్థం కాదు. పాతదైనా ఒక ల్యాప్‌టాప్ ఉండాలి, ఫోన్‌లో కోడ్ రాయడం నరకం. మిగతావన్నీ ఉచితమే: రాయడానికి వీఎస్ కోడ్, చదవడానికి మొజిల్లా వాళ్ల ఎండీఎన్, సాధనకు ఫ్రీకోడ్‌క్యాంప్. ఇంగ్లిష్ అని జంకకండి. ఎర్రర్లు కూడా ఇంగ్లిష్‌లోనే వస్తాయి కాబట్టి రోజూ కొంత చదివే అలవాటు చేసుకోవాల్సిందే.

ఇప్పుడు ఒక పని పెట్టుకోండి. మీ వీధి కిరాణా కొట్టుకి బిల్లు లెక్కగట్టే పేజీ తయారుచేయండి. రెండు బాక్సులు, ఒక బటన్ చాలు. 120, 60 వేసి బటన్ నొక్కితే మొదటిసారి 180 బదులు 12060 రావచ్చు. బాక్సులో టైప్ చేసింది జావాస్క్రిప్ట్‌కి అక్షరాలుగా చేరుతుంది, ప్లస్ గుర్తు వాటిని పక్కపక్కన అతికించేస్తుంది. ముందు వాటిని అంకెలుగా మార్చాలి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే కన్సోల్ (కోడ్ విలువలు, ఎర్రర్లు చూపే చోటు) వస్తుంది, అందులో ఒక్కో విలువా చూస్తూ ఈ తప్పును మీరే పట్టుకోండి. తర్వాత 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది. దశాంశాల లెక్కల్లో ఇలా చిన్న తేడా వస్తుంది, అందుకే డబ్బు లెక్కలు పైసల్లో చేసి చివర్లో రూపాయలుగా చూపిస్తారు. జీఎస్టీ కూడా చేర్చండి. పన్ను ఎలా వేస్తారో, రౌండాఫ్ ఎక్కడ చేయాలో బీకాం చదివే మీకు బాగా తెలుసు. ఆ బలాన్ని వదులుకోకండి.

సరుకుల పేర్లు తెలుగులో పెడితే పేజీ మొదట్లో యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచే పద్ధతి) అని తప్పక చెప్పండి, లేదంటే పిచ్చి గుర్తులు కనిపించవచ్చు. పూర్తయ్యాక మీ పేజీని ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టి, లింకు కొట్టాయన ఫోన్‌కి పంపండి. ఆయన వాడుతుంటే పక్కనే నిలబడి చూడండి. బటన్ వేలికి అందడం లేదనో, అక్షరాలు చిన్నగా ఉన్నాయనో అంటారు. అవే మీ తర్వాతి పాఠాలు.

కోడ్ రాసిపెట్టమని చాట్‌జీపీటీని ఇప్పుడే అడగకండి. మీరు రాసిన దాంట్లో తప్పెందుకు వచ్చిందో వివరించమని అడగండి, ఆ వివరణ చదివి మీరే సరిచేయండి.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మూడు నెలల్లో రాదు. పెద్ద కంపెనీల క్యాంపస్ నియామకాల్లో బీటెక్, బీసీఏ వాళ్లకే ఎక్కువ అవకాశాలుంటాయి. చిన్న కంపెనీల్లో మీరు చేసిన పని చూపించి లోపలికి వెళ్లే వీలుంది. అయినా డిగ్రీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి. రోజుకు గంటన్నర దీనికివ్వండి, పరీక్షల నెలలో అదీ వద్దు.