తిరుగుదారిని ముందుగా రాయి: ఒక యువ రచయితకు లేఖ

హనుమకొండ,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

నీవు కాజీపేట నుండి పంపిన వ్యాసం మూడు రోజుల క్రిందట అందింది. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ కంట్రోలర్‌ను, అంటే డిస్కుకూ మిగతా యంత్రానికీ నడుమ మాట నడిపే భాగాన్ని, ఏ మోడ్‌లో ఉంచుకోవాలి, ఉన్న మోడ్‌ను ఎలా మార్చుకోవాలి అనే విషయం మీద తెలుగులో ఇంత ఓపికగా రాసినవారు తక్కువ. అందుకే రెండుసార్లు చదివాను. రెండవసారి చదివేటప్పుడు పక్కన ఒక పాత యంత్రాన్ని తెరిచి పెట్టుకొని, నీవు చెప్పినది చెప్పినట్లు చేసుకుంటూ పోయాను. నాల్గవ పేరా దగ్గర ఆ యంత్రం నీలి తెర చూపి ఆగిపోయింది. ఆ చోట నీవు ఇచ్చిన సమాచారంలో తప్పు లేదు, తప్పంతా అది వచ్చిన వరుసలో ఉన్నది. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ వరుస గురించే.

నాల్గవ పేరాలో నీవు బయోస్‌లోకి, అంటే విండోస్‌కన్నా ముందు లేచే అమరికల తెరలోకి, వెళ్ళి సాటా మోడ్‌ను, అంటే డిస్కు తీగను నడిపే కంట్రోలర్ పనిచేసే తీరును, పాత పద్ధతి అయిన ఐడీఈ నుండి కొత్త పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేయమన్నావు. విండోస్‌ను అందుకు ముందే సిద్ధం చేసుకోవాలన్న మాట ఆరవ పేరాలో వచ్చింది. కథ చదివేవాడు ఆరవ పేరా దాకా ఆగి, వెనుకటి విషయాన్ని మనసులో సరిచేసుకోగలడు. కాని ఒక చేతిలో స్క్రూడ్రైవర్, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకొని చదివేవాడు ప్రతి వాక్యాన్ని చదివిన వెంటనే చేసేస్తాడు గనుక, అతడు నీ హెచ్చరిక దగ్గరికి చేరేసరికి చేయవలసిన నష్టం చేసుకొనే ఉంటాడు. ఇటువంటి రాతలో వాక్యాల వరుస అంటే పాఠకుని చేతుల వరుస.

ఈ తప్పు నేనూ చేశాను, అదీ కొత్తలో కాదు, పదేళ్ళు రాసిన తరువాత. విండోస్ 7 వచ్చిన కొత్తలో మన ఊరి కంప్యూటర్ మడిగెల వారి కోసం నాలుగు పేజీల కరపత్రం రాసి జిరాక్స్ తీయించి పంచాను. మోడ్ మార్చమన్న వాక్యం రెండవ పేజీ చివర పడింది, విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీని ముందే సవరించాలన్న సంగతి మూడవ పేజీకి జరిగింది. చౌరస్తాకు దగ్గరలో ఒక డీటీపీ సెంటర్ నడిపే మనిషి, లగ్గాల రోజులలో, రెండవ పేజీ వరకు చదివి మోడ్ మార్చాడు. నీలి తెర వచ్చింది. రిపేరుకు ఇచ్చిన చోట డిస్కు పాడైందేమోనని ఫార్మాట్ కొట్టారు, దానితో ఆ సీజన్ శుభలేఖల డిజైన్లన్నీ పోయాయి. బయోస్‌లో తిరిగి ఐడీఈ అని పెడితే ఆ యంత్రం మునుపటిలాగే లేచేది. ఆ ఒక్క వాక్యం నా నాలుగు పేజీలలో ఎక్కడా లేదు. ఆయన నన్ను ఏమీ అనలేదు, అదే ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. అప్పటి నుండి ఏ పని ఎలా చేయాలో రాసే ముందు, చేసినదాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో రాస్తున్నాను. నీ వ్యాసంలో కూడా మొదటి పేరాలోనే ఈ మాట ఉండాలి: మోడ్ మార్చిన తరువాత విండోస్ లేవకపోతే డిస్కులోని ఫైళ్ళకు ఏమీ కాలేదు, పాత మోడ్‌ను తిరిగి పెట్టండి, ఏ పరిస్థితిలోనూ ఫార్మాట్ చేయకండి.

ఆ మొదటి పేరా స్థలం ఎక్కడిది అంటావేమో. నీవు 1956 నాటి ఐబీఎం డిస్కుతో, దాని యాభై పళ్ళేలతో మొదలుపెట్టావు. అది నిజమే, చదవడానికి ముచ్చటగానూ ఉన్నది, కాని కేబినెట్ మూత తీసి కూర్చున్న మనిషికి అక్కరలేదు. తీసివేయి.

చరిత్ర పూర్తిగా వద్దనడం లేదు. ఒకచోట చరిత్రే కారణమవుతుంది, అక్కడ నీవు దానిని వదిలేశావు. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది, సాటా 1.0ఏ ప్రమాణం 2003లో, ఏహెచ్‌సీఐ మొదటి ప్రమాణాన్ని ఇంటెల్ వెలువరించినది 2004లో. ఈ మూడు సంవత్సరాలను ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టు. ఎక్స్‌పీ సీడీకి ఏహెచ్‌సీఐ ఎందుకు తెలియదో, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎఫ్6 నొక్కి 1.44 ఎంబీ ఫ్లాపీ నుండి డ్రైవర్‌ను, అంటే కంట్రోలర్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామును, ఎందుకు ఎక్కించవలసి వచ్చేదో, బయోస్‌లో ఐడీఈ అనే మోడ్ అసలు ఎందుకున్నదో పాఠకునికి ఒక్కసారిగా అర్థమవుతుంది. నలభై పిన్నుల వెడల్పాటి పట్టీ కేబుల్, మాస్టర్, స్లేవ్ జంపర్ల కాలం నాటి కంట్రోలర్‌తో మాత్రమే మాట్లాడగల సిస్టమ్ ముందు కొత్త సాటా కంట్రోలర్ పాత వేషం కట్టి నిలబడడమే ఐడీఈ మోడ్. ఇది పాఠకునికి పట్టుబడితే, ఎక్స్‌పీ లేని యంత్రంలో ఆ మోడ్ ఉంచుకోవలసిన అవసరం సాధారణంగా లేదని నీవు విడిగా వాదించనక్కరలేదు.

ఇక నీ పోలిక. కంట్రోలర్‌ను చెరువు తూముతో పోల్చావు. పాకాల, రామప్ప చెరువుల కథలు వింటూ పెరిగిన మనకు ఆ పోలిక తట్టడం సహజమే, కాని అది పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. తూము అనగానే ఎంత వెడల్పు, ఎంత నీరు అన్న ఆలోచన వస్తుంది. నీవు కూడా ఆ ఊపులోనే ఏహెచ్‌సీఐ పెడితే వేగం సెకనుకు 6 గిగాబిట్లకు పెరుగుతుందని రాసేశావు. తీగ వేగాన్ని నిర్ణయించేవి పోర్టూ డిస్కూ, మోడ్ మాత్రం కాదు. పైగా ఆ 6 గిగాబిట్లు సెకనుకు 600 మెగాబైట్లే అవుతాయి, ఎందుకంటే తీగ మీద ప్రతి ఎనిమిది బిట్లకు పది బిట్లు పంపవలసి ఉంటుంది. బిట్టుకూ బైట్‌కూ తేడా చెప్పకుండా ఈ అంకె వేస్తే పాఠకుడు 750 అని లెక్క కట్టుకొని, ఆ వేగం రాలేదని నిన్నే తప్పుపడతాడు.

తూమును వదిలి, చెరువు నీటిని పొలాలకు పంచే నీరటిని తీసుకో. ఆయకట్టు రైతులు ఒకరి పని పూర్తయ్యాకనే మరొకరు కబురు పంపాలన్న కట్టుబాటు ఉంటే, నీరటి ఒక కొసన ఉన్న మడికి నీరు పెట్టి, వెంటనే ఇంకో కొసకు నడిచి, మళ్ళీ మొదటి కొసకే రావలసి వస్తుంది. కబుర్లన్నీ ఒకేసారి చెవిన పడితే, నడక కలిసివచ్చేటట్లు తానే వరుస కూర్చుకుంటాడు. ఏహెచ్‌సీఐ మోడ్‌లో డిస్కుకు ఒకేసారి 32 ఆదేశాల వరకు అందించవచ్చు, వాటిలో దేనిని ముందు నెరవేర్చాలో డిస్కే తేల్చుకుంటుంది. దీనినే ఎన్‌సీక్యూ అంటారు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. ఎదురుచూస్తున్న చోటు డిస్కును చదివే తల కింది నుండి దాటిపోయిందంటే దాదాపు ఒక చుట్టు మొత్తం ఆగాలి. కంప్యూటర్ లెక్కలో అది చాలా పెద్ద కాలం. అందువల్ల నాలుగైదు ప్రోగ్రాములు ఒకేసారి డిస్కును కదిలించేటప్పుడు మేలు కనబడుతుంది, ఒక పెద్ద సినిమా ఫైలును కాపీ చేస్తే తేడా పెద్దగా తెలియదు. ఎస్ఎస్‌డీలో తిరిగే పళ్ళెం లేకపోయినా, లోపలి చిప్పులన్నిటికీ ఒకేసారి పని పంచగలుగుతుంది గనుక అక్కడా ఈ వరుస ఉపయోగమే. ఇంతవరకే వాగ్దానం చేయి. యంత్రం రెండింతలు వేగవంతమవుతుందన్న నీ వాక్యాన్ని నేను ఎర్రసిరాతో కొట్టేశాను.

విండోస్‌ను సిద్ధం చేసే భాగం బాగా రాశావు, కాని ఎందుకో చెప్పలేదు. విండోస్ లేచే సమయంలో డిస్కును అందుకోవడానికి కావలసిన డ్రైవర్ ముందే మేలుకొని ఉండాలి. ఐడీఈ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయిన విండోస్ ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను అవసరం లేదని పక్కన పెట్టేస్తుంది. మోడ్ మార్చగానే తన డిస్కు తనకే అందక, నీలి తెరతో ఆగిపోతుంది. విండోస్ 7లో అయితే ఆ తెర మీద కోడ్ చివర 7బీ అని ఉంటుంది. విండోస్ 7లో అయితే రిజిస్ట్రీలో ఎంఎస్ఏహెచ్‌సీఐ అనే సర్వీసు కింద స్టార్ట్ విలువను 3 నుండి 0కు మార్చి, ఆ తరువాతనే బయోస్‌లో చేయి పెట్టాలి. విండోస్ 8 తరువాతి వాటిలో రిజిస్ట్రీ దాకా పోనక్కరలేదు. విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ అనే అమరికల ప్రోగ్రాములోని బూట్ పేజీలో సేఫ్ బూట్‌ను ఎంచుకొని, రీస్టార్ట్ చేసి, విండోస్ లేవకముందే బయోస్‌లోకి వెళ్ళి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనిస్తే చాలు. ఆ మోడ్‌లో విండోస్ మౌలికమైన డిస్కు డ్రైవర్లను మేల్కొలిపి, సరిపోయిన దానిని గుర్తుంచుకుంటుంది. తరువాత సేఫ్ బూట్ గుర్తును తీసివేయాలి, లేకపోతే ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది, పాఠకుడు యంత్రం చెడిపోయిందనుకుంటాడు. వీటన్నిటికన్నా ముందు రెండు వాక్యాలు చేర్చు: సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కనుక ఖాతా పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి, డిస్కుకు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే బయోస్ మార్పు తరువాత రికవరీ కీ అడగవచ్చు కనుక దానిని ముందే కాగితం మీద రాసుకోవాలి, లేదా బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపి ఉంచాలి.

ఒకటికి మించిన డిస్కులను జత చేసి ఒకటిగా వాడే రెయిడ్ మోడ్ గురించి నీవు మూడు పేజీలు రాశావు. నా దృష్టిలో దానికి ఒక పేరా చాలు, అయితే ఆ పేరా చాలా జాగ్రత్తగా ఉండాలి. ఒక్క డిస్కు మాత్రమే ఉన్నా రెయిడ్ మోడ్‌లోనే కంపెనీ నుండి వచ్చే యంత్రాలు ఉన్నాయి. అందులో దోషమేమీ లేదు, ఇంటెల్ చిప్‌సెట్లలో ఆ మోడ్‌లో ఎన్‌సీక్యూ కూడా పనిచేస్తుంది. ఊరికే ఏహెచ్‌సీఐకి మార్చమని చెబితే ఇక్కడా అదే నీలి తెర ఎదురవుతుంది. నిజంగానే రెండు డిస్కులను జత చేసి వాడుతున్న యంత్రమైతే మోడ్‌ను ముట్టుకోవద్దని నిర్మొహమాటంగా రాయి. సమాచారాన్ని ముక్కలుగా రెండు డిస్కులకూ పంచే రెయిడ్ 0లో ఒక డిస్కు పోతే రెండింటిలోని సమాచారమూ పోయినట్లే. ఒకే సమాచారాన్ని రెండింటిలోనూ రాసే రెయిడ్ 1లో ఒక డిస్కు పాడైతే రెండవది ఆదుకుంటుంది, కాని పొరపాటున చెరిపిన ఫైలు రెండింటిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది కనుక అది బ్యాకప్ కాదు. మిగిలిన రెయిడ్ రకాలు ఇంటి డెస్క్‌టాప్ పాఠకునికి అనవసరం.

ఎం.2 ఎస్ఎస్‌డీల గురించి నీవు రాసిన పేరా అట్లాగే ఉంచు. ఒక చిన్న సవరణ: ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, దానిలో సాటా ఎస్ఎస్‌డీ కూడా ఉండవచ్చు, ఎన్‌వీఎంఈ కూడా ఉండవచ్చు. ఎన్‌వీఎంఈ డిస్కు సాటా కంట్రోలర్ గుండా పోదు, అందువల్ల ఐడీఈ, ఏహెచ్‌సీఐల తేడా దానికి అంటదు. అయితే ఇంటెల్ 11వ తరం నుండి చాలా యంత్రాలలో ఇటువంటి డిస్కులను తన అదుపులో ఉంచుకునే వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉండి, విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు అసలు కనబడకపోవచ్చు. డిస్కు పోయిందని కంగారు పడకుండా ఇంటెల్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్ నుండి ఎక్కించాలని చెప్పు.

నీవు అసలే తలపెట్టని సంగతి ఒకటున్నది. సాటా మోడ్ అనే మాటను కోరి వెతికే పాఠకుడు అరుదు. ఎక్కువమందికి అది ఎదురయ్యేది మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయినప్పుడు. దాని పేరు సీఆర్ 2032, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. అయిదారేళ్ళ యంత్రం, ఎండాకాలం, కరెంటు పోయి వచ్చింది. స్విచ్ వేస్తే నీలి తెర. నిజానికి బ్యాటరీ ఎప్పుడో నీరసించి ఉంటుంది, గోడ నుండి కరెంటు వస్తున్నంతకాలం ఆ లోపం కప్పబడి ఉంటుంది. కరెంటు పోగానే బయోస్ తన అమరికలు మరిచిపోయి కంపెనీ పెట్టిన మొదటి అమరికకు తిరిగిపోతుంది. విండోస్ ఒక మోడ్‌లో ఇన్‌స్టాల్ అయి, బయోస్ ఇంకో మోడ్‌లోకి పోయిందంటే ఇక లేవదు. గడియారం ఎప్పటిదో పాత తేదీ చూపుతూ, దానితోపాటు నీలి తెర కూడా వస్తే, ముందు అనుమానించవలసినది డిస్కును కాదు, ఈ నాణేన్ని. బయోస్‌లోని స్టోరేజ్ పేజీని ముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోమని పాఠకునికి చెప్పు. నేనైతే మోడ్ పేరును చిన్న కాగితం మీద రాసి కేబినెట్ మూత లోపలి వైపున అంటిస్తాను. నీ వ్యాసం వరంగల్‌లో చదివేవారికి ఎక్కువగా పనికివచ్చేది ఈ పేరాయే అని నా నమ్మకం.

మాటల సంగతి క్లుప్తంగా. నియంత్రక విధానం, దత్తాంశ వాహిని అని రాశావు. పాఠకుడు తెర మీద వెతుక్కునేది ఆ మాటలను కాదు. తెర మీద ఏ మాట ఉంటే ఆ మాటనే తెలుగు లిపిలో రాయి, మొదటిసారి వచ్చినచోట అక్షరాలను విడివిడిగా చెప్పు. ఒక బోర్డులో సాటా మోడ్ అని ఉంటుంది, ఇంకొక దానిలో సాటా కాన్ఫిగరేషన్ అనో, స్టోరేజ్ కాన్ఫిగరేషన్ అనో ఉంటుంది. ఈ మూడు పేర్లూ ఇవ్వు. బయోస్‌లోకి పోవడానికి డిలీట్ కీ మాత్రమే చెప్పావు, చాలా యంత్రాలలో అది ఎఫ్2.

సవరించిన ప్రతిని పోస్టులో పంపవద్దు, వచ్చే ఆదివారం నీవే తీసుకొని రా. నీవు రాసిన వరుసలోనే, ఒక్క వాక్యం కూడా ముందుకు చూడకుండా, అదే పాత యంత్రం మీద ఇద్దరం కలిసి చేద్దాం. వచ్చేటప్పుడు దారిలో ఒక సీఆర్ 2032 కొనుక్కొని రా. నిన్న కరెంటు పోయి వచ్చిన తరువాత ఆ యంత్రం 2009 జనవరి అని చూపిస్తున్నది.

ఇట్లు
నీ మేలు కోరే అన్న