రాబోయే హై ఎండ్ ల్యాప్‌టాప్‌లో నిజంగా ఎంత ఆశించొచ్చు?

మీరు రాసిన లిస్టు రెండుసార్లు చదివాను. కిలోన్నర బరువు, డెస్క్‌టాప్ 5090 (ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు)తో సమానంగా గ్రాఫిక్స్, 128 జీబీ ర్యామ్, ఒక్కసారి ఛార్జ్ చేస్తే 20 గంటలు. ఇవన్నీ ఒకే మోడల్‌లో వస్తాయంటున్నారు, బ్లెండర్ (3డీ బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పనికి అది వచ్చేదాకా ఆగాలా అని అడిగారు. అన్నీ కలిసి రావండి. విడివిడిగా అయితే కొన్ని ఇప్పటికే ఉన్నాయి. నేను భీమవరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఇలాంటి లిస్టు చూసే నాలుగేళ్ల కిందట ఒక సన్నటి మోడల్ కొన్నాను.

ముందు గ్రాఫిక్స్ సంగతి. పేరు ఒకటే, లోపల సరుకు వేరు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 5090 కార్డు 575 వాట్ల దాకా లాగుతుంది, మెమరీ 32 జీబీ. 2025లో వచ్చిన ల్యాప్‌టాప్ 5090కి మెమరీ 24 జీబీ, వాట్లు ఎంత పెంచినా 175. అంతకుముందు 4090లోనూ ఇదే తేడా: డెస్క్‌టాప్‌లో 24 జీబీ, ల్యాప్‌టాప్‌లో 16. ఆ 175 వాట్లు కూడా లావుపాటి బాడీలోనే. సన్నటి మోడల్‌కి వచ్చేసరికి అదే పేరున్న చిప్‌కి ఇంకా తక్కువ వాట్లు ఇస్తారు. ఎందుకంటే ఆ వేడి బయటికి పోవడానికి చోటుండదు.

నాకు అనుభవమైంది సరిగ్గా ఇదే. రోహిణి కార్తెలో పాలకొల్లు పెళ్లి ఒకటి ఎడిట్ చేశాను. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద ఏసీ ఆడదు. రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడం) పెడితే మొదటి పది నిమిషాలు 110 వాట్లు చూపించింది, తర్వాత 60కి పడిపోయి అక్కడే ఆగింది. కీబోర్డు పైన ఉండే మెటల్ పట్టీ మీద వేలు పెట్టలేకపోయాను. రెండు స్టీలు గిన్నెలు బోర్లించి, వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ తిప్పితే 75కి వచ్చింది. ఏసీ గదిలో తీసిన రివ్యూ చూసి కొన్నాను, మన ఎండల్లో వాడాను. అందుకే కొత్త మోడల్ వచ్చినప్పుడు చిప్ పేరు కాదు, అరగంట రెండర్ తర్వాత ఎన్ని వాట్లు నిలబడ్డాయో చూడమని గట్టిగా చెబుతాను.

20 గంటల బ్యాటరీ మాటకొస్తే, విమానంలో మామూలుగా 100 వాట్ అవర్లు దాటిన బ్యాటరీ తీసుకెళ్లనివ్వరు. అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌లు కూడా 99 దగ్గరే ఆగిపోతాయి. 99 వాట్ అవర్లని 20 గంటలకు పంచితే గంటకు 5 వాట్ అవర్లు, అంటే ల్యాప్‌టాప్ మొత్తం సగటున 5 వాట్ల మీద నడవాలి. పొదుపైన ప్రాసెసర్‌తో, స్క్రీన్ వెలుగు తగ్గించి సినిమా చూస్తే సరిపోవచ్చు. బ్లెండర్‌లో మొత్తం మీద 100 వాట్లు లాగితే గంటకు అయిపోతుంది. పైగా ప్లగ్ తీసేస్తే గ్రాఫిక్స్ చిప్‌కి పూర్తి వాట్లు అందవు.

128 జీబీ ర్యామ్ మాత్రం నమ్మొచ్చు. ఆపిల్ 2023లోనే ఎం3 మ్యాక్స్ మోడల్‌లో ఇచ్చింది. ఇక్కడ చూడాల్సింది ఆ ర్యామ్ తర్వాత మార్చుకోవచ్చా లేదా అనేది. నాది 16 జీబీతో కొని, చాలక పెంచుదామని రాజమండ్రిలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. ఆయన అడుగు మూత విప్పి, బోర్డుకి అతుక్కుని ఉన్న నల్లటి చిప్పులు చూపించి మళ్లీ మూసేశారు. కొన్న రోజే ఇది తెలిస్తే ఇంకో పాతికవేలు సర్దుకుని 32 తీసుకునేవాణ్ణి. ఇప్పుడు ఎల్‌పీక్యామ్2 అని, సన్నటి బాడీలోనూ స్క్రూలతో విప్పి మార్చుకునే ర్యామ్ వస్తోంది. అది ఉంటే కొంచెం బరువెక్కువైనా దానికే నా ఓటు.

ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ విషయానికొస్తే, మరింత వేగమైన పీసీఐఈ 5 రకం కోసం ఆగకండి. సెకనుకు 7 జీబీ దాకా చదివే పీసీఐఈ 4 రకం మీ పనికి చాలు, వేడీ తక్కువ.

అంటే 16 అంగుళాలు, రెండు నుంచి రెండున్నర కిలోలు, 24 జీబీ గ్రాఫిక్స్ మెమరీ, 64 జీబీ ర్యామ్, 99 వాట్ అవర్ల బ్యాటరీ. ఇవి న్యాయంగా ఆశించొచ్చు, ఇవి ఇప్పుడే దొరుకుతాయి కూడా. కొనేముందు అమలాపురంలో మీ కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో మీ పెద్ద సీన్ ఒకటి రెండర్ పెట్టి, గ్రాఫిక్స్ మెమరీ ఎంత తింటోందో చూసి ఇక్కడ రాయండి. 16 జీబీ లోపే ఉంటే ఒక మెట్టు కింది చిప్ తీసుకుని, మిగిలిన డబ్బు ర్యామ్ మీద పెట్టొచ్చు.