సంఘ పెద్ద ఘోరమైన తప్పు చేస్తే క్షమించాలా, వెలివేయాలా?

మీ క్రైస్తవ సంఘ పెద్ద ఒకరు ఘోరమైన తప్పు చేశారని తేలింది, క్షమించి ఊరుకోవాలా లేక వెలివేయాలా అని అడిగారు. ఆ రెండింటికన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. ఆ తప్పు వల్ల నష్టపోయింది ఎవరు? వాళ్ల ఇంటికి ఇప్పటిదాకా ఎవరైనా వెళ్లారా? మన సంఘాల్లో తప్పు చేసినవారి కోసం ఉపవాస ప్రార్థన వెంటనే పెడతారు, బాధితుల గడప మాత్రం ఎవరూ తొక్కరు.

నేను ఒక సంఘానికి కార్యదర్శిగా ఉన్నప్పుడు మందిర నిర్మాణ నిధిలో తేడా వచ్చింది. బైబిల్లో మత్తయి 18లో ఉన్న వరుసే పాటించాం: ముందు ఏకాంతంగా, తర్వాత ఒకరిద్దరితో, చివరికి సంఘం ఎదుట. ముందు పాస్టరు గారు ఒక్కరే కోశాధికారితో మాట్లాడారు. ఆయన కాదన్నారు. తర్వాత మరో పెద్దను వెంటబెట్టుకుని నేను వెళ్లి, రసీదు పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి నెలనెలా చూపించాను. రసీదు రాసిన కానుకలు కొన్ని బ్యాంకుకు చేరనే లేదు. కూతురి పెళ్లికి వాడుకున్నానని అప్పుడు ఒప్పుకున్నారు. "మనలో మనం ప్రార్థన చేసుకుని వదిలేద్దాం, అన్యుల ముందు నవ్వులపాలవుతాం" అన్నారు కొందరు. ఆ నిధికి కూలి డబ్బుల్లోంచి ఇచ్చిన విధవరాళ్లున్నారు. వాళ్ల సొమ్మును వాళ్లకు తెలియకుండా మాఫీ చేయడానికి మేమెవరం? ఆరాధన అయ్యాక సంఘమంతటి ఎదుట ఎంత పోయిందో అంకెతో సహా చదివాం. ఆయన పదవి వదులుకుని వాయిదాల మీద మొత్తం కట్టారు. కట్టడం పూర్తయ్యేదాకా ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు దూరంగా ఉన్నారు. పూర్తయిన ఆదివారం ఆయన్ను పిలిచి కుడిచేతి సహవాసం ఇచ్చాం, అంటే చేయి కలిపి మళ్లీ సహవాసంలో చేర్చుకున్నాం. నిధి లెక్కలు మాత్రం మళ్లీ అప్పగించలేదు. అందుకు ఆయన బంధువులు కొందరు నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడరు.

అదే సంఘంలో అంతకుముందు ఒకమ్మాయి హిందువుల అబ్బాయిని గుడిలో పెళ్లి చేసుకుంటే, ఎవరూ ఆమె ఇంటికి వెళ్లకుండానే మరుసటి ఆదివారం పేరు చదివి తీసేశారు. బలహీనుల మీద అంత చురుగ్గా పనిచేసే క్రమశిక్షణ, పాస్టరు దాకా వచ్చేసరికి "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అనే మాట దగ్గర ఆగిపోతుంది. 105వ కీర్తనలో ఆ మాట పరదేశులుగా తిరిగిన అబ్రాహాము వంటి పితరులను రాజులు హింసించకూడదని చెప్పింది. పెద్దల సంగతి కావాలంటే మొదటి తిమోతి 5 చూడండి: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నింద ఒప్పుకోవద్దు, పాపం చేస్తుంటే మాత్రం అందరి ఎదుట గద్దించాలి.

మీ సంఘంలో జరిగింది పిల్లల మీద లైంగిక వేధింపు అయితే నేను పైన చెప్పిన వరుసను పక్కన పెట్టండి. తనను పాడుచేసినవాడితో ఏకాంతంగా మాట్లాడి రమ్మని ఏ బిడ్డనూ పంపకూడదు. తల్లిని పిలిచి "క్షమించమ్మా" అని ఒత్తిడి చేయడం ఇంకా పాపం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద జైలుశిక్ష పడవచ్చు. పాస్టరుకైనా, కమిటీకైనా మినహాయింపు లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోను చేయవచ్చు. కోర్టుకు వెళ్లవద్దని పౌలు చెప్పాడు కదా అని ఎవరో ఒకరు అడ్డుతగులుతారు. మొదటి కొరింథీ 6లో ఆయన మాట్లాడింది సోదరుల మధ్య ఆస్తి వంటి వ్యాజ్యాల గురించి. నేరం చేసినవాణ్ణి శిక్షించే అధికారం ప్రభుత్వానిదేనని రోమా 13లో రాసింది కూడా ఆయనే.

విచారణ తేలేదాకా ఆ పెద్దను బోధ నుంచి, పిల్లల కూటాల నుంచి ఆపమని కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. దాన్ని మినిట్స్ పుస్తకంలో ఎక్కించేదాకా కదలకండి. ఇంకో జాగ్రత్త: ఇలాంటివారు గొడవ ముదరగానే వేరే ఊరి సంఘానికి వెళ్లిపోతారు. పోతేపోనీ, పీడ వదిలిందని మీ పాస్టరు గారు మంచి సిఫారసు లేఖ రాసి పంపకుండా చూడండి. అక్కడా సండేస్కూలు పిల్లలుంటారు.